రోమను దీనారము – మన నూలుబట్ట

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను చరిత్రకారుడను కాను. సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసికొని బ్రతుకువాడను. మా తండ్రిగారును, వారి తండ్రిగారును ఈ ప్రాంతమున కరణీకము చేసినవారు. 1984లో కరణీకములు రద్దగుటతో ఆ వృత్తి మా యింట ముగిసినది గాని, అంకెలు చూచినచో చేయి ఆగని జబ్బు మాత్రము నాకు సంక్రమించినది. సంస్కృతాంధ్ర కావ్యములు నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివితిని. గ్రీకు, లాటిను గ్రంథములను ఇంగ్లీషు అనువాదములలో ఈ గ్రంథాలయపు బల్లమీదనే చదివితిని. కనుక ఈ వ్యాసమున పాండిత్యముకన్న పద్దులే ఎక్కువగా ఉన్నచో చదువరులు మన్నింపవలెను.

కొన్ని సంవత్సరముల క్రితము మన గ్రామపు బడిపిల్లలను నాగార్జునకొండ ప్రదర్శనశాలకు తీసికొనిపోయిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకమే. ఉపాధ్యాయులకు తోడుగా నన్నును రమ్మనిరి. అప్పటికి కొద్దినెలల ముందే నేను పిల్లలకు ఒక సాయంకాలము రోమను ప్రజల నిత్యజీవితమును గూర్చి చెప్పియుంటిని. వారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, లెక్కలు దేనిమీద వ్రాసిరి అనునవి వినుటకు పిల్లలకు యుద్ధములకన్న ఎక్కువ ఇష్టము. ఇటలీలో వెసూవియసు అగ్నిపర్వతము 79వ సంవత్సరమున పేలి పాంపేయి పట్టణమును బూడిదలో పూడ్చివేసినది. ఆ బూడిదను త్రవ్వగా ఒక రొట్టెల కొట్టునందు పొయ్యిలో పెట్టిన రొట్టెలు పెట్టినట్లే బొగ్గయి దొరకినవి. అందే ఒక వ్యాపారి లెక్కల పలకలు నూటయేబదికి పైగా 1875లో బయల్పడినవి. అతని పేరు కైసీలియసు యూకుండసు. వేలముపాటలు నడపి, అమ్మినవానికి సొమ్ము చెల్లించి, సాక్షులచేత ముద్రలు వేయించి రసీదులు పుచ్చుకొనినవాడు. మైనము పూసిన కొయ్యపలకలపై వ్రాసిన ఆ రసీదుల సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. రెండువేల ఏండ్ల నాటి గుమాస్తా ఒకడు నా భుజముమీద చేయివేసినట్లయినది.

బ్రిటను ఉత్తరభాగమున విందోలాండా అను రోమను సైనిక శిబిరము కలదు. అచ్చట 1973 మొదలు పలుచని చెక్కరేకులపై సిరాతో వ్రాసిన ఉత్తరములు, పద్దులు వందలకొలది దొరకినవి. ఒక స్త్రీ తన పుట్టినరోజు పండుగకు స్నేహితురాలిని పిలిచిన ఉత్తరము వానిలో ఒకటి. మరియొక పలకపై సైనికులు కొనిన వస్తువుల పట్టికలో మిరియములు 2 దీనారములు అని యున్నది. ఆ మిరియములు మన మలబారు తీరమునుండి పోయినవి. అక్కడి బడిపిల్లలు ఆ స్థలమునకు పోయి ఆ సైనికుల తోలుచెప్పులను, దువ్వెనలను, ఉత్తరములను కన్నులార చూతురు. వీనిని దాచినది ఎవరనుకొన్నారు? తడిబురద. గాలి చొరని బురదలో చెక్కయు తోలును చెడవు. బురద మాట వినగానే మన పిల్లలు, కొల్లేటి పిల్లలు గదా, ఒకరినొకరు చూచి నవ్విరి.

ఇక యాత్ర సంగతి. రాత్రి బయలుదేరిన బస్సు తెల్లవారి చాల ప్రొద్దెక్కిన పిమ్మట విజయపురి చేరినది. లాంచీ యెక్కి నీటి నడుమనున్న కొండకు పోతిమి. పిల్లలలో సగముమంది త్రోవపొడుగున నీటిలో చేపలు ఏ జాతివో వాదించుకొనిరే గాని ఇక్ష్వాకుల రాజధాని తమ కాళ్లక్రింద మునిగియున్నదని ఎరుగరు. 1926లో వెలుగులోనికి వచ్చిన ఈ లోయను 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగకముందే చూడదగినదంతయు చూచి, తీయదగినదంతయు తీయవలెనని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున పెద్దయెత్తున త్రవ్వకములు జరిగినవి. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి కొండపైనను, అనుపువద్దను మరల నిలిపిరి. ద్వీపముపై ప్రదర్శనశాల 1966లో తెరువబడినది. నీటిపాలు కానున్న ఊరిని ఇంత శ్రద్ధతో వ్రాతలోనికి ఎక్కించిన సందర్భములు మన దేశమున అరుదు. ముంపు గ్రామముల లెక్కలు వ్రాసిన కరణముల కుటుంబములలో పుట్టినవాడను గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను.

అనుపువద్ద నాలుగువైపుల మెట్లతో, నడుమ చదునైన అంగణముతో ఒక ప్రేక్షకశాల ఉన్నది. దానిని చూచిన పలువురు పండితులకు రోమనుల క్రీడాశాలలు జ్ఞాపకమునకు వచ్చినవి. ఈ లోయలోనే రోమను బంగారు నాణెములు దొరకినవి. రాజప్రాసాదపు శిథిలములలోని ఒక స్తంభముపై కొమ్ముపాత్ర చేతబట్టిన గడ్డపు పురుషుడొకడు గలడు. అతనిని గ్రీకుల మధుదేవతయగు డయోనిససుగా గుర్తించిరి. బోధిసిరి అను ఉపాసిక వేయించిన శాసనమున కాశ్మీరము, గాంధారము, చీనా, సింహళములతోపాటు యవనదేశపు పేరును గలదు.

అయితే నాకు వీనియన్నిటికంటె విలువైనది మహాచైత్యపు స్తంభముపైనున్న చిన్న పద్దు. 3వ శతాబ్దమున ఉజ్జయిని రాజపుత్రికయగు మహాదేవి రుద్రధర భట్టారిక ఆ స్తంభమును ఇచ్చుటయేగాక, 170 దీనారి మాషకములను కూడ దానము చేసినట్లు అందు వ్రాయబడినది. దీనారి అను ఈ మాట రోమనుల దినారియసు. కృష్ణాతీరమున, ప్రాకృత శాసనమున, బౌద్ధుల స్తంభముపైన రోము నగరపు నాణెము పేరు! ఆ మాట అంతటితో పోలేదు. వేయి సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట విజయనగరమున శ్రీనాథునకు కనకాభిషేకము జరిగినప్పుడు ఆ బంగారమునకు వాడబడిన పేరును దీనారమే. రాజ్యములు పోయినవి, నాణెముల బొమ్మలు మారినవి, పద్దులోని మాట నిలిచినది.

ఈ దీనారము ఇంతదూరము ఎట్లు వచ్చినదో చెప్పవలెను. 1వ శతాబ్దపు నడుమ ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియా సముద్ర యాత్రాగ్రంథమున మసాలియా అను తీరసీమ వర్ణన గలదు. అది మన మసూలా సీమ. అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయబడునని అతడు చెప్పెను. తరువాతి శతాబ్దమున టాలెమీ ఈ సీమనే మైసోలియా అనియు, కృష్ణానదిని మైసోలసు అనియు పేర్కొనెను. అతడు చెప్పిన కొంటకొస్సిల మన ఘంటసాల. శాసనములలో దాని పేరు కంటకసేల, కంటకసోల. అచ్చట దొరకిన ఒక శాసనమున శివకుడను మహానావికుని పేరు గలదు. సలకెనాయి అను జనులను, వారి పట్టణమగు బెనగౌరను కూడ టాలెమీ చెప్పెను. వారు శాలంకాయనులనియు, ఆ పట్టణము వేంగి, అనగా ఏలూరు ప్రక్కనున్న పెదవేగి అనియు పండితుల అభిప్రాయము. చూచితిరా! అలెగ్జాండ్రియాలో కూర్చుండిన గ్రీకు పండితుడు మన ఏలూరు ప్రాంతమును తన పటములోనికి ఎక్కించెను. మన శాతవాహనుల నాణెములు కొన్నిటిపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ గలదు. ఓడ ఎరుగని రాజు నాణెముపై ఓడ వేయించునా?

ఇంక ధనము సంగతి. ప్లీనీ అను రోమను గ్రంథకర్త ఏటేట భారతదేశము తమ సామ్రాజ్యమునుండి 5 కోట్ల సెస్టర్సులు లాగికొనుచున్నదని మొరపెట్టుకొనెను. ఈ అంకె చూచి నేను ఊరకుండలేకపోయితిని. 4 సెస్టర్సులు ఒక దినారియసు. 25 దినారియసులు ఒక ఔరియసు అను బంగారు నాణెము. మన రూపాయి–అణా–పైసల లెక్కకన్న సులభమే. 5 కోట్ల సెస్టర్సులనగా 5 లక్షల ఔరియసులు. ప్లీనీ కాలమున ఒక్కొక్కటి 7 గ్రాములకు కొంచెము పైగా తూగెడిది. మొత్తము పాతతులముల లెక్కన 3 లక్షల తులములు దాటును. ఆ కాలపు సామాన్య రోమను సైనికుని జీతము ఏటికి 225 దినారియసులు, అనగా 900 సెస్టర్సులు. మనకు వచ్చిన సొమ్ముతో 55 వేలమంది సైనికులకు ఏడాది జీతము బత్తెము ఈయవచ్చును. ప్లీనీ మన దేశముమీద కోపముతో అంకెను పెంచియుండునని కొందరందురు. కాని వియన్నా నగరమున ఒక పపైరసు పత్రము గలదు. 1985లో ప్రకటింపబడిన ఆ పత్రమున, కేరళ తీరపు ముజిరిసునుండి తిరిగివచ్చిన హెర్మపొల్లోను అను ఒక్క ఓడ సరకు విలువయే 70 లక్షల సెస్టర్సులకు దగ్గరగా నున్నది. దానిలో దంతము, సుగంధద్రవ్యము గలవు. సరకులో నాల్గవవంతు సుంకముగా రోమను ప్రభుత్వము పుచ్చుకొనెడిది. ఇట్టి లెక్కను గ్రీకు అంకెలలో, సున్న లేకుండ, స్థానవిలువ లేకుండ వ్రాసిన గుమాస్తాకు నా నమస్కారము. ఒక్కసారి ఆ అంకెలతో గుణకారము చేయబూని గంటసేపటికి విరమించితిని.

ఆ బంగారము, వెండి మన నేలలో నేటికిని దొరకుచున్నవి. గుంటూరు సీమలోని వినుకొండవద్ద బంగారు నాణెముల రాశి దొరకినది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదునైదువందలకు పైగా వెండి దీనారములు దొరకినవి. విశాఖ సమీపమున తొట్లకొండ బౌద్ధవిహారమునందును రోమను వెండి గలదు. దక్షిణదేశమున దొరకిన బంగారు నాణెములు కొన్నిటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు కనబడును. ఆ ముఖమునకు ఇక్కడ చెల్లుబడి లేదు, తూనికకే విలువ అని మనవారు తేల్చిచెప్పిరన్నమాట. కొన్నిటికి రంధ్రము వేసి మెడలో వ్రేలాడదీసికొనిరి. 1941లో త్రవ్విన కొండాపురమున, అనగా నేటి సంగారెడ్డి జిల్లాలో, రోమను నాణెములను పోలిన మట్టిబిళ్లలును దొరకినవి. బంగారము లేనివారు మట్టితో ముచ్చట తీర్చుకొనిరి. మన అమ్మమ్మల కాసులపేరు ఎక్కడనుండి వచ్చినదని నన్ను అడిగినచో నేను ఈ రంధ్రముల నాణెములనే చూపుదును. ఇది నా ఊహ మాత్రమే, పండితులు ఒప్పుకొనకపోయినను బాధలేదు.

ఈ సంగతులన్నియు ప్రదర్శనశాల గదులలో నడచుచు పిల్లలకు చెప్పుచుంటిని. మాకు దొరకిన వ్యవధి తక్కువ. తిరుగు లాంచీ కొరకు ఉపాధ్యాయులు తొందరపెట్టుచుండిరి. అప్పుడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నా ప్రక్కకు వచ్చినది. ఆమె తల్లి పెడన ఆడపడుచు, పుట్టినింట మగ్గములున్నవి.

“తాతగారండీ, మన బట్టకే గదండీ వాళ్లు బంగారం ఇచ్చింది?”

“అవునమ్మా.”

“మరి బంగారం ఉందంటున్నారు, రాళ్లున్నాయి, కుండలున్నాయి. ఆ బట్ట ఏదండీ? ఒక్క ముక్కయినా లేదేం?”

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. బూడిద రొట్టెను దాచినది, బురద ఉత్తరమును దాచినది. మన ఉక్కయు, వానయు, చెదలును బట్టను దాచవు. నేసినవానికి ముట్టిన కూలి మిగిలినది, నేత మిగులలేదు. ఆ కూలియైనను నేసినవానికే ముట్టినదో, నడుమ వర్తకుని మూటలోనే ఉండిపోయినదో శాసనములు చెప్పవు. దానములు చేసిన రాణుల పేర్లున్నవి, మహానావికుని పేరున్నది.

ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేయగా ఆ పిల్ల ప్రశ్నకు ఒక సమాధానము దొరకినది. ఎఱ్ఱసముద్రపు ఒడ్డున ఈజిప్టులో బెరెనికే అను పాత రేవు గలదు. అచ్చట 1994 మొదలు త్రవ్వకములు జరుగుచు వచ్చినవి. ఎడారి ఇసుకలో భారతదేశపు నూలుబట్టల ముక్కలు, అద్దకపు బట్టల ముక్కలు, తెరచాపల ముక్కలు కూడ దొరకినవి. అవి మనవని ఎట్లు తెలిసినదనగా, మనవారు దారమును పురిపెట్టు దిక్కు ఒకటి, ఈజిప్టువారు పురిపెట్టు దిక్కు వేరొకటి. పోగు పురియే సాక్ష్యము. అచ్చటి దేవాలయమున మన దేశపు పెద్దజాడీలో ఏడున్నర కిలోల మిరియములు దొరకినవి. 2022లో ఒక బుద్ధవిగ్రహము కూడ అచ్చట బయల్పడినది. పాంపేయిలోని ఒక ఇంట 1938లో దంతపు స్త్రీమూర్తి దొరకినది, అదియు మన దేశపు పనితనమే. ఇప్పుడది నేపుల్సు నగరపు ప్రదర్శనశాలలో నున్నది. కావున మన బట్టను ఎడారిలోను, మన బొమ్మను అగ్నిపర్వతపు బూడిదలోను వెదకికొనవలసి వచ్చినది. ఈ మాట ఆ పిల్లకు చెప్పగా ఆమె, “అయితే మనం దాచుకోలేదన్నమాట” అని ఊరకుండెను.

ఆమె ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు. కాని నాకు తగులవలసినచోటనే తగిలినది. ఆ సంగతి ఈ సంచికలో చెప్పకున్నచో ఈ వ్యాసమున నేను వ్రాసినదంతయు బూటకమగును.

కలిదిండి చరిత్ర యనగా మనమందరము మొదట చెప్పునది రాజరాజనరేంద్రుని తామ్రశాసనము. నన్నయభట్టుచేత భారతము చెప్పించిన ఆ రాజు, కలిదిండివద్ద కర్ణాటసైన్యముతో పోరి మడిసిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికై మూడు శివాలయములు వెలయించి, వానికి దానములు ఒసగెను. రాగిరేకు గనుక అది నిలిచినది. ఆ యుద్ధముదినమున ఈ ఊరివారు ఏమి వండుకొనిరో, ఎవరి చేలు తొక్కబడినవో రాగిమీదికి ఎక్కలేదు. అట్టివి ఎక్కునది కరణము పుస్తకములలో. 200 ఏండ్ల క్రితము మెకంజీ దొర తెలుగుసీమల చరిత్ర కూర్పించినప్పుడు, మన ఏలూరు వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలైన సహాయకులు ఊరూర కరణముల దండకవిలెలను సేకరించి, చూచి, కైఫీయతులు వ్రాయించిరి. కరణములు కవిలెలను దాచియుండనిచో ఆ కైఫీయతులు లేవు.

మా యింట అటకమీద రెండు పెట్టెలనిండ మా తాతగారి చేతివ్రాత పుస్తకములుండెడివి. సర్కారుకు అప్పగింపవలసినవి అప్పగించగా మిగిలినవి అవి. సొంత నకళ్లు, చిత్తులు, ఊరి పంచాయతీల సంగతులు, వరదలు వచ్చిన తేదీలు, ఉప్పుటేరు పొంగి నీరు తీయక కుళ్లిన చేల పట్టికలు. మా నాయనగారు గతించిన తరువాత ఇల్లు మరమ్మతు చేయించుచు నేను వానిని చిత్తుకాగితముల వానికి తూనికకు వేసితిని. కాటామీద పెట్టి తూచునప్పుడు దగ్గరుండి తూకము సరిచూచితిని. తూకమున మోసము జరుగలేదని సంతోషించితిని కూడ! మరుసటి సంవత్సరమే ఈ గ్రంథాలయము వెలసినది. మొదటి చందాదారులలో నేనొకడను. ప్లీనీని ఇక్కడ కూర్చుండి చదువుచు, రోమను గుమాస్తా రసీదులకై కంటనీరు పెట్టుకొనినవాడను, నా తాతగారి పద్దులను కిలోలలెక్కన అమ్మినవాడను ఒక్కడనే.

యాత్రనుండి వచ్చిన పిమ్మట పిల్లలు తమంత తామే ఒక పని మొదలుపెట్టిరి. గ్రంథాలయపు వెనుకగదిలో ఒక అలమరు ఖాళీచేయించుకొని, ఇండ్లలో వాడుకపోయిన వస్తువులు తెచ్చి పెట్టుచున్నారు. కుంచము, మానిక, సోల, తవ్వ, కవ్వము, తిరుగలిరాయి, గంటము, చేపల ఊత ఒకటి. తాటిదోనె తెత్తుమనిరిగాని అది గదిలో పట్టలేదు, వసారాలో పెట్టితిమి. చేపల చెరువులు త్రవ్వునప్పుడు వచ్చు కుండపెంకులను ఏరి తెచ్చి, ఏ చేనిలో దొరకినదో చీటివ్రాసి అంటించుచున్నారు. బంగారము, నాణెములు దొరకినచో మాత్రము కలెక్టరుగారికి తెలియజేయవలెననియు, దాచుట నేరమనియు 1878 నాటి నిక్షేపముల చట్టము వారికి చదివి వినిపించితిని. వారు నిరాశ చెందిరి.

నేను ఏమి ఈయగలను? ఇల్లంతయు వెదకగా అటకమూల ఇటుకల సందున ఒక్క పుస్తకము మిగిలియుండెను. ఫసలీ 1359, అనగా 1949–50 నాటి అడంగలు చిత్తు. అంచులు చెద తిన్నది. వెనుక పుటలలో మా తాతగారు ఇంటిఖర్చులు వ్రాసికొనిరి. దానిని అలమరులో పెట్టిన రోజున పెడనవారి మనుమరాలగు ఆ బాలికయే కూడబలుకుకొని చదువ మొదలుపెట్టినది. ఆ గొలుసుకట్టు వ్రాత నేటి పిల్లలకు కొరుకుడు పడదు, నేను ప్రక్కన కూర్చుంటిని. ఉప్పు, చింతపండు, దీపపు నూనె దాటిన తరువాత ఒక పద్దువద్ద ఆమె వ్రేలు ఆగినది. నేత చీర ఒకటి, వెల రూ. 6–4–0, ఇచ్చినది రూ. 4–4–0, సాలెవానికి బాకీ రూ. 2–0–0.

“మరి ఈ బాకీ తీర్చేశారాండీ?” అని అడిగెను.

తీరిన పద్దు ప్రక్కన ‘చెల్లు’ అని వ్రాసి గీటు పెట్టుట మా యింటి అలవాటు. చింతపండు ప్రక్కన ఆ మాట ఉన్నది, నూనె ప్రక్కన ఉన్నది. నాటినుండి సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చినప్పుడెల్ల ఆ పుస్తకమును మొదటినుండి తిరుగవేయుచున్నాను. చీర పద్దు ప్రక్కన ఇంతవరకు ఆ మాట నాకు కనబడలేదు.